ఏరి పంపిన కుండలు

ఆ ప్రభుత్వ పరిశోధనశాలలో ఇరవై ఏడేళ్లుగా బట్టీ గది చూసుకుంటున్న ఆవిడను అందరూ బట్టీ అక్క అనేవారు. డైరెక్టరు మొదలుకొని గేటు దగ్గర కాపలా మనిషి దాకా అదే పిలుపు. జీతం కాగితం మీదున్న అసలు పేరు ఒక్కోసారి ఆవిడకే పరాయిదిలా అనిపించేది. మన్ను కలపడం, అచ్చు తీయడం, ఆరబెట్టడం, బట్టీలో పేర్చి ఎంత వేడికి ఎంతసేపు ఉంచాలో కనిపెట్టి ఉండడం ఆవిడ పని. శాస్త్రవేత్తలు కాగితం మీద గీసినదాన్ని చేత్తో పట్టుకొనే వస్తువు చేసేది ఆవిడే. ఇంకో ఏడాదిలో రిటైరు కావాలి.

ఆ ఏడు మొదట్లోనే పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ సంస్థల్లో పుట్టిన పేటెంట్లు బీరువాల్లో మగ్గిపోతున్నాయట. వాటిని బయటి కార్ఖానాలకు అందించాలట. చిన్న కార్ఖానాలవాళ్లయితే లైసెన్సు రుసుము కూడా తీసుకోనక్కర్లేదు. ప్రతి సంస్థా ఏడాది తిరిగేసరికి పన్నెండు లైసెన్సులైనా ఇవ్వాలి, లేకపోతే వచ్చే ఏటి నిధుల్లో కోత తప్పదు. దీనికోసం సాంకేతికత బదిలీ విభాగమని ఒకటి తెరిచి, నలభై దాటిన ఒక ఆఫీసర్ని అందులో కూర్చోబెట్టారు. బదిలీ అన్న మాట చూస్తేనే ఉద్యోగులకు గుండెలు గుభేలుమంటాయి కదా, తలుపుకు ఆ బోర్డు బిగించిన మొదటి వారం ఎవరూ అటువైపు తొంగి చూడలేదు. సంగతి తెలిశాక నవ్వుకొని, ఆయనకు బదిలీ బాబు అని పేరు పెట్టారు.

బదిలీ బాబు చెడ్డవాడేం కాదు. బీరువాలన్నీ తెరిపించి, దుమ్ము దులిపి, పనికొస్తాయనుకున్న పేటెంట్లకు రంగురంగుల కరపత్రాలు అచ్చువేయించాడు. అన్నిటికంటే ముందు అచ్చయింది వడపోత కుండ.

బంకమన్నులో సన్నటి రంపపు పొట్టు కలిపి కుండ చేసి కాలిస్తే, పొట్టు కాలిపోయి దాని చోట కంటికానని రంధ్రాలు మిగులుతాయి. ఆ కుండను డ్రమ్ము నోట్లో దించి నీళ్లు పోస్తే బొట్టుబొట్టుగా కిందికి దిగుతాయి. మురికీ క్రిములూ మన్నులోనే చిక్కుకుపోతాయి. కరెంటు అక్కర్లేదు, మందు అక్కర్లేదు. తొమ్మిదేళ్ల కిందట దాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్తే ఇప్పటి డైరెక్టరు. పేటెంటు మీద ఆయన పేరూ, మరో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. కరపత్రంలో పెద్ద అక్షరాలతో ఒక వాక్యం వేశారు: 'పరీక్షించిన కుండల్లో నూటికి తొంభై రెండు ప్రమాణాలకు నిలిచాయి.'

అది చదివిన బట్టీ అక్క కరపత్రాన్ని మడిచి అరలో అడుగున పెట్టేసింది. ఆ మాటలో అబద్ధం లేదు. పరీక్షించినవాటిలో నూటికి తొంభై రెండు నిలిచిన మాట నిజమే. కాని పరీక్షకు ఏ కుండలు వెళ్లాయో ఆవిడకొక్కదానికే బాగా తెలుసు.

అప్పట్లో ఒక్కో కుండను పరీక్షించడానికి వారం పట్టేది. "అక్కా, అన్నీ పంపితే ఈ జన్మకు తెమలదు. మీకు బాగున్నాయనిపించినవే పంపండి" అన్నాడు ఇప్పటి డైరెక్టరే. ఆవిడ ఒక్కో కుండనూ వేలి కణుపుతో తట్టి చెవి ఒగ్గి వినేది. ఖంగుమంటే ఒక పక్క, బొంగురుగా పలికితే ఇంకో పక్క. తర్వాత తొట్టిలో బోర్లా ముంచి పగుళ్ల దారిన బుడగలు వస్తున్నాయేమో చూసేది. నీళ్లు నింపి ఎంతసేపట్లో ఎంత దిగిందో కొలిచేది. పది కుండలు బట్టీలోంచి తీస్తే చివరికి చేతిలో మిగిలేవి నాలుగు. తక్కిన ఆరూ పగలగొట్టి పెరట్లో పోసేది. పరీక్షలకు వెళ్లింది ఆ నాలుగే. ఏరిన సంగతి ఏ కాగితంలోనూ ఎక్కలేదు. ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్నే కదా అనుకుంటూ తొమ్మిదేళ్లు వెళ్లదీసింది.

లైసెన్సు తీసుకోవడానికి మొదట వచ్చింది మట్టి టీ కప్పులు చేసే ఒక కార్ఖానా ఆవిడ. ముప్పై అయిదేళ్లుంటాయి. భర్త వ్యాను మీద సరుకు అంగళ్లకు చేరవేస్తుంటాడు, షెడ్డులో పనంతా ఆమే, మామగారూ చూసుకుంటారు. సంతకాల రోజున నమూనా కుండలు పట్టుకొని బట్టీ అక్క కూడా ఆ గదిలో ఒక మూల నిలబడింది. మనసులో ఆమెకు కప్పులమ్మాయి అని పేరు పెట్టేసుకుంది.

"ఎన్ని పాడవుతాయండీ?" అని అడిగింది కప్పులమ్మాయి. "మా కప్పుల్లో వందకి అయిదారు పోతాయి. వీటిలో ఎన్ని పోతాయి?"

బదిలీ బాబు కరపత్రం ఆమె వైపు తిప్పాడు. "తొంభై రెండు నిలుస్తాయమ్మా. పోతే ఎనిమిది పోతాయనుకోండి."

ఆమె ఆ అంకెను ఒక చిన్న పుస్తకంలో రాసుకుంది. తర్వాత మూలకు చూసి, బట్టీ అక్క ముంజేతి మీది పాత కాలిన మచ్చలు గమనించి నవ్వింది. మంటల దగ్గర పనిచేసేవాళ్లు ఒకరినొకరు ఇట్టే గుర్తుపడతారు.

"చేసేది మీరేనా అక్కా?"

"నేనే."

"కష్టమా?"

"చెయ్యి అలవాటు పడాలమ్మా."

ఆ తర్వాతి మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా డైరెక్టరు కలం మూత తీస్తున్నాడు. బట్టీ అక్క కూతురు అదే సంస్థలో నీటి పరీక్షల విభాగంలో కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఏటేటా పొడిగించే ఆ కాంట్రాక్టు ఫైలు ఇంకొన్ని నెలల్లో ఆయన బల్ల మీదికే రావాలి. తాను రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేయాలి, తన పెన్షను ఇంటద్దెకే సరిపోతుంది, ఇద్దరూ బతకాల్సింది ఆ జీతం మీదే. వచ్చిన మాట వచ్చినట్టే మింగేసింది. ఫొటో తీశారు.

శిక్షణ మూడు రోజులన్నారు గాని రెండే అయింది. అందులోనూ ఒక పూట ఫొటోలకూ, ఒక పూట ఫారాలు నింపడానికీ పోయింది. మిగిలిన కాసేపట్లో బట్టీ అక్క తనకు తెలిసినదంతా చేసి చూపింది. పొట్టును రెండు జల్లెళ్లతో పట్టాలంది. కుండ గోడ ఎక్కడా వేలి మందం దాటకూడదంది. తట్టినప్పుడు బొంగురుగా పలికితే పక్కన పెట్టమంది. ఎన్ని పక్కన పెట్టాల్సి వస్తుందని కప్పులమ్మాయి అడగలేదు. ఎనిమిదని ఆమెకు ముందే చెప్పేశారు కదా.

నాలుగు నెలల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి నవ్వు లేదు. తన ఖర్చుతో ఇరవై కుండల నీళ్లు బయటి ల్యాబులో పరీక్ష చేయిస్తే పదకొండు తప్పాయి. ఆ కాగితాలు బదిలీ బాబు ముందు పరిచింది. ఆయన నమ్మలేనట్టు రెండుసార్లు చూసి, ఒప్పందం ప్రతి తీసి వేలు పెట్టి చూపించాడు.

"తొమ్మిదో అంశం చూడండమ్మా. ఫలితాలకు సంస్థ పూచీ ఉండదు. ఇది అందరికీ ఒకటే."

"నేను పూచీ అడగడం లేదండీ. ఎక్కడ తప్పు చేశానో చెప్పమంటున్నాను."

మర్నాడు డైరెక్టరు బట్టీ అక్కను పిలిపించాడు. వచ్చే నెల పైనుంచి తనిఖీ బృందం వస్తోందనీ, వడపోత కుండ కార్ఖానాను చూపించమని ప్రత్యేకంగా అడిగారనీ చెప్పాడు. "మీరు వెళ్లి ఆవిడ పని కాస్త దారిలో పెట్టిరండి అక్కా. జల్లెడ దగ్గరో మంట దగ్గరో ఏదో తేడా వచ్చుంటుంది" అన్నాడు.

తేడా దొరికితే బాగుండునని బట్టీ అక్క దారి పొడవునా కోరుకుంది.

రేకుల షెడ్డు. ఒక గోడంతా కప్పుల అరలు. ఇంకో గోడ పక్కన వడపోత కుండల వరసలు, నోళ్లు పైకి పెట్టుకొని. మామగారు ముక్కాలి పీట మీద కూర్చొని తడిగుడ్డతో పచ్చి కుండల అంచులు నున్నగా తుడుస్తున్నాడు. ఆయన లేచి కుర్చీ చూపించాడు. బట్టీ అక్క కూర్చోలేదు. పొట్టు గుప్పిట పట్టి చూసింది, పొడిగా ఉంది. జల్లెళ్లు చూసింది, తాను చెప్పినవే. మన్ను ముద్ద రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. బట్టీ పక్కన గోడకు వేలాడదీసిన కాగితాల్లో ప్రతి అరగంటకూ ఎంత వేడి ఉందో రాసి ఉంది. పరిశోధనశాలలో కూడా అంత శ్రద్ధగా రాసినవాళ్లు లేరు. వెతికి వెతికి చూసినా పట్టుకోవడానికి ఒక్క తప్పు దొరకలేదు.

"అక్కా, మీరే ఏరి చూపించండి" అంది కప్పులమ్మాయి.

ఆవిడ తొట్టి దగ్గర కూర్చొని ఇరవై కుండలు తట్టింది, ముంచింది, తీసింది. చెయ్యి దాని పాటికది పోతోంది, ఆలోచన అక్కర్లేని పని. మామాకోడళ్లిద్దరూ పక్కనే నిలబడి చూశారు. కుడి పక్కన నిలిచినవి ఎనిమిది, ఎడమ పక్కన పోయినవి పన్నెండు పోగయ్యాయి.

కప్పులమ్మాయి ఎడమ పక్కవి రెండుసార్లు లెక్కపెట్టింది. "మీరసలు ఆశ్చర్యపోలేదు" అంది నెమ్మదిగా. "పదకొండు తప్పాయని కాగితం చూపించినప్పుడు ఆ ఆఫీసరు ఆశ్చర్యపోయాడు. మీరు పోవడం లేదు. అక్కడ మీ చేతిలో ఎన్ని పోయేవి?"

బట్టీ అక్క తడి చేతులు చీర చెంగుకు తుడుచుకుంది.

"పదికి ఆరు."

"ఎప్పుడు?"

"మొదటినుంచీ. పరీక్షకి పంపినవి ఏరిన కుండలు. ఏరింది నేనే."

అరుస్తుందనుకుంది. కప్పులమ్మాయి అరవలేదు. భుజం మీది గుడ్డ తీసి బల్ల మీద పెట్టింది. "రెండు రోజులు మీ పక్కనే కూర్చున్నాను కదక్కా" అంది. అంతే అంది.

ఆ ఒక్క మాటకు బట్టీ అక్క తల నేలకు వాలిపోయింది. తిట్టినా అంత గుచ్చుకొనేది కాదు.

మామగారు గొంతు సవరించుకున్నాడు. "మీ మాటలు తర్వాత. మొదటి బట్టీవి నలభై కుండలు బడిలో ఉన్నాయి. ముందు వాటి సంగతి చూడండి."

బట్టీ అక్క తొట్టి దగ్గరనుంచి లేచింది. బడి గురించి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. పరీక్ష చేయించే ఆలోచన రాకముందే, మూడు నెలల కిందట, ఒక పెద్ద బడివాళ్లు వచ్చి పట్టుకుపోయారట. ప్రభుత్వ సంస్థవాళ్ల ముద్ర ఉంది కదా అని వాళ్లూ అడగలేదు, వీళ్లూ ఆలోచించలేదు.

ముగ్గురూ వ్యాను తీసుకొని అప్పటికప్పుడే వెళ్లారు. పెద్ద టీచరమ్మ మొదట ఒప్పుకోలేదు. "బాగానే ఉన్నాయి కదండీ. నీళ్లు చల్లగా ఉంటున్నాయని పిల్లలు కుళాయి వదిలేసి వీటి దగ్గరే పట్టుకుంటున్నారు" అంది.

"పిల్లలకి ఒంట్లో ఏమైనా..." అని బట్టీ అక్క సగంలో ఆగింది.

"కడుపునొప్పని ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ ఇంటికి పోతూనే ఉంటారు. పిల్లలన్నాక అవి మామూలే."

ఆ జవాబును ఎలా తీసుకోవాలో ఆవిడకు తెలియలేదు. మామూలేనేమో. కాకపోవచ్చు కూడా. ఇక ఎప్పటికీ తేలేది కాదు. వరండాల్లో, తరగతి గదుల మూలల్లో ఉన్న డ్రమ్ముల మూతలు తీసి, కుండలు ఒక్కొక్కటిగా గడ్డిలో చుట్టి వ్యానులోకి మోశారు. బడి పెరట్లో పంపు కిందే తొట్టి పెట్టుకొని కొన్ని ముంచి చూసింది బట్టీ అక్క. మొదటిదానికే అంచు కిందనుంచి సన్నగా బుడగల దారం లేచింది. ఇంక చూడబుద్ధి కాలేదు. నలభైకి నలభై వెనక్కి తెచ్చేశారు.

ఆదివారం పొద్దున వంటగది బల్ల దగ్గర కూర్చొని, నాలుగు పేజీలు రాసింది. రాయడం ఆవిడకు అలవాటు లేని పని, ఒక్కో వాక్యానికీ ఆయాసపడింది. కూతురు వచ్చి భుజం మీదుగా చదివింది. చదువుతూ చదువుతూ పక్క కుర్చీలో కూలబడింది.

"పేటెంటు మీద నీ పేరే లేదమ్మా. పేరున్నవాళ్లు హాయిగా ఉన్నారు. ఇది నువ్వెందుకు నెత్తికెత్తుకోవాలి?"

"ఏరిన చెయ్యి నాదే కదే."

"నా ఫైలు నెలాఖరుకి మళ్లీ ఆయన దగ్గరికే పోతుంది."

"తెలుసు."

"తెలిసే రాస్తున్నావా?"

బట్టీ అక్క నాలుగు పేజీలూ వరసగా సర్దింది. కూతురు లేచి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. కాసేపటికి వీపు అటే ఉంచి, "రాయొద్దనను. ముందే నాతో ఒక్క మాట అనాల్సింది" అంది. ఆ మాటా నిజమే. ఏది ముందు చెప్పాలో తనకెప్పుడూ తెలియలేదనుకుంది బట్టీ అక్క.

సోమవారం డైరెక్టరు ఆ నాలుగు పేజీలూ నిదానంగా చదివాడు. ఆయన కోప్పడలేదు. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నాడు.

"నేను అబద్ధం రాశానా అక్కా?"

"మీరు రాయలేదు సార్. నేను ఏరాను, మీరు కొలిచారు. మధ్యలో జరిగింది ఎవరం రాయలేదు."

"ప్రయోగం అంటే అలాగే ఉంటుంది. మంచి నమూనా తీసుకొని చూస్తాం. దాంతో రేపు ఎవరో కార్ఖానా పెడతారని అప్పుడెవరు అనుకున్నారు? బీరువాలో ఉన్నన్నాళ్లు దానివల్ల ఎవరికీ నష్టం లేదు." ఆయన కిటికీ వైపు చూశాడు. "ఇప్పుడు తొందరపెడుతున్నది నేను కాదు. పైవాళ్లు లైసెన్సులు లెక్కపెడుతున్నారు. ఇది పోతే పదకొండవుతాయి. పదకొండయితే మీ బట్టీ గదికి కొత్త మనిషిని కూడా ఇవ్వరు. రెండు నెలలు ఆగండి, తనిఖీ అయిపోనివ్వండి. తర్వాత ఇద్దరం కూర్చొని సరిచేద్దాం."

"ఈ రెండు నెలల్లో ఇంకెవరైనా లైసెన్సు అడిగితే?"

ఆయన కాగితాలు ఆవిడ వైపు జరిపాడు. ఆవిడ లేస్తుంటే, "అన్నట్టు, మీ అమ్మాయి ఫైలు కూడా ఈ నెలే కదా" అన్నాడు. బెదిరించాడో, మామూలుగా గుర్తుచేశాడో ఆయన ముఖం చూస్తే తెలియలేదు. తర్వాత ఎన్నిసార్లు ఆ గొంతు గుర్తు చేసుకున్నా తెలియలేదు.

మెట్లు దిగి ఇన్‌వర్డు గుమాస్తా దగ్గరికి వెళ్లింది. అక్కడ ముద్ర పడితే ఆ కాగితాన్ని ఇక ఎవరూ లేదనలేరు. గుమాస్తా ముద్ర ఎత్తి, పైన నాలుగు వాక్యాలు చదివి, "వేసేదా అక్కా?" అని అడిగాడు. "వెయ్యి నాయనా" అంది.

తనిఖీ బృందం వచ్చింది, వెళ్లింది. కప్పులమ్మాయిని వేదిక మీదికి రమ్మని మూడుసార్లు ఫోన్ చేశారు. ఆమె రాలేదు, కార్ఖానా గేటూ తెరవలేదు. ఏడాది నివేదికలో లైసెన్సులు పన్నెండనే వేశారు. బట్టీ అక్క రాసిన కాగితం పరిశీలన కోసం ఒక కమిటీకి పంపామన్నారు. కమిటీలో ఎవరెవరున్నారో అడిగితే ఎవరికీ తెలియదు. అయితే కరపత్రం మాత్రం పంచడం మానేశారు. బదిలీ బాబే మిగిలిన కట్టలు తన గదిలో పెట్టి తాళం వేశాడని తర్వాత తెలిసింది. కూతురి కాంట్రాక్టు ఏడాదికి బదులు మూడు నెలలకే పొడిగించారు. నిధులు తక్కువని కారణం రాశారు. అది నిజమే అయ్యుండొచ్చు. తల్లీకూతుళ్లు దాని గురించి మాట్లాడుకోలేదు. మాట్లాడుకోని సంగతులు ఆ ఇంట్లో ఒక్కొక్కటే పెరిగాయి.

సెలవు రోజుల్లో బట్టీ అక్క ఆ రేకుల షెడ్డుకు వెళ్లడం మొదలుపెట్టింది. మొదటి రోజు కప్పులమ్మాయి గుమ్మంలోనే నిలబెట్టింది.

"రమ్మని నేను పిలవను. వస్తే వద్దనను" అంది. "ఒకటే షరతు. ఇక్కడ పాడైన కుండను ముందు రాయాలి. బాగున్నది తర్వాత."

సరేనంది. రిటైరయ్యాక వారానికి నాలుగు రోజులు అక్కడే. ముగ్గురూ కలిసి ఒకే జాతి చెక్క పొట్టు వాడి చూశారు, అచ్చులోంచి తీశాక రెండు రోజులు ఎక్కువ ఆరబెట్టి చూశారు, మంటను ఇంకా నిదానంగా పెంచి చూశారు. పదికి నాలుగు నిలిచేవి అయిదయ్యాయి, ఒక్కోసారి ఆరు. ఒక బట్టీలో మళ్లీ మూడుకు పడిపోయాయి, ఎందుకో ఎవరికీ అంతు చిక్కలేదు. మామగారు మాత్రం ఆవిడను మొదటి రోజు ఎలా పలకరించాడో అలాగే పలకరించేవాడు. కోడలు పని మాటలు తప్ప ఆడేది కాదు.

ఏడాది లెక్కల కోసం ఒకరోజు బదిలీ బాబు ఫారం పట్టుకొని వచ్చాడు. లైసెన్సు మీద ఎన్ని కుండలు తయారయ్యాయని అడిగాడు.

"ఆరువందల ఇరవై కాల్చాం. మూడు వందల పదిహేను పగలగొట్టాం. మిగిలినవి అరల్లోనే ఉన్నాయి, అమ్మినవి లేవు" అంది కప్పులమ్మాయి, రిజిస్టరులో చూసి.

ఆయన కలం ఆగింది. "పగిలినవాటికి ఇందులో గడి లేదమ్మా. తయారైనవి ఎన్నో ఒక్కటే రాయాలి."

"గడి పక్కన రాయండి."

ఆయన బట్టీ అక్క వైపు చూశాడు. ఆవిడ తొట్టి దగ్గర కూర్చొని కుండ ముంచుతోంది. "రాస్తే ఇది పైదాకా పోతుందని నేను చెప్పలేనక్కా" అన్నాడు. "మధ్యలో ఎవరైనా టైపు చేసేటప్పుడు తీసేయొచ్చు."

"మీ చేతిలో ఉన్నంతవరకు రాయండి సార్" అంది ఆవిడ.

ఆయన ఫారాన్ని మోకాలి మీద సర్దుకొని, గడి పక్కన ఖాళీలో సన్న అక్షరాలతో రాయసాగాడు. చోటు చాలక చివరి మాటలు అంచు వెంట నిలువుగా పోయాయి. కప్పులమ్మాయి వంగి, ఆ అంకెలు రెండూ సరిగ్గా పడ్డాయో లేదో చూసింది. బట్టీ అక్క ముంచిన కుండను పైకి తీసి, నీళ్లు కారనిచ్చి, ఎడమ పక్కన పెట్టింది.